ఎవరూ మునగని మధ్యాహ్నాలు

ప్రభుత్వాసుపత్రిలో సైకాలజిస్టు అంటే ఏం చేస్తారో మా వైపు ఎవరికీ సరిగ్గా తెలియదు. ముప్పై ఏళ్లపాటు నన్ను డాక్టరమ్మ అన్నారు, పిచ్చి డాక్టరమ్మ అన్నారు, పలాస వైపు నుంచి వచ్చిన ఒక ముసలాయన అయితే ప్రశ్నల మేడమ్ అన్నాడు. ఆ చివరి పేరే నాకు నచ్చింది. నేను మందులు రాయలేదు, సూదులు వెయ్యలేదు. ప్రశ్నలు అడిగాను, జవాబుల్ని కాగితం మీద పెట్టాను. ఆ కాగితాల వల్ల కొంతమందికి మేలు జరిగింది. ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను రిటైరై మూడేళ్లయింది. ఈమధ్య ఎచ్చెర్ల యూనివర్సిటీలో సైకాలజీ చదువుకున్న ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు. త్వరలో ఉద్యోగాల్లో చేరతారట. మీ సర్వీసులో ఇంటరెస్టింగ్ కేసులు చెప్పండి మేడమ్ అన్నారు. ఆ ఇంటరెస్టింగ్ అనే మాటకి నాకు ఒళ్లు మండింది. కాఫీ ఇచ్చి, నాలుగు నవ్వుకునే సంగతులు చెప్పి పంపేశాను. వాళ్లు గేటు దాటాక నా మీద నాకే చిరాకేసింది. పిల్లలు అడిగింది సబబే, దాచుకున్నది నేను. అందుకని ఇప్పుడు ఆ పిల్లల కోసం రాయడానికి కూర్చున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు.

చప్పుడు చెయ్యని వాళ్లు

పుస్తకాల్లో సెన్సేషన్ సీకింగ్ అని ఒక స్వభావం గురించి చదివే ఉంటారు. కొత్త అనుభవం కోసం, ఒళ్లు జివ్వుమనే క్షణం కోసం వెతుక్కుంటూ పోవడం, అందుకోసం ప్రమాదాన్ని లెక్కచెయ్యకపోవడం. ఎచ్చెర్లలో అప్పుడప్పుడు క్లాసు చెప్పడానికి పిలిచేవారు. ఈ పాఠం ఎత్తుకోగానే పిల్లలందరికీ ఒకే బొమ్మ కనిపించేది, బైకు ముందు చక్రం గాల్లోకి లేపే కుర్రాడు. వాడూ ఉంటాడు, కాదనను. వాణ్ణి గుర్తుపట్టడానికి సైకాలజిస్టు అక్కర్లేదు, ట్రాఫిక్ కానిస్టేబులు చాలు.

నాకు ఈ పాఠం మొదట నేర్పింది ఒక వీణ టీచరు. యాభై దాటిన మనిషి, గుడి సేవలో, సంగీతంలో పెరిగిన కుటుంబం. ఆమె తమ్ముడు వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్లుండేది ఆమదాలవలసలో. బజారుకి పోవాలంటే రైలు పట్టాలు దాటాలి, కాస్త చుట్టు తిరిగితే కింది నుంచి దారి ఉంది. ఈమె ఆ దారిలో పోదట. పట్టాల దగ్గర నిలబడి, దూరంగా రైలు కనిపించేదాకా ఆగి, అప్పుడు దాటుతుందట. చూసినవాళ్లు వచ్చి తమ్ముడికి చెప్పారు.

నేను చదువుకున్న చదువు ప్రకారం చావాలనిపిస్తోందా అని అడిగాను. ఆవిడ నన్ను చిన్నపిల్లని చూసినట్టు చూసింది.

"చావడమేమిటండీ, సాయంత్రం ఐదుగురు పిల్లలొస్తారు పాఠానికి. రైలు కనిపించాక పట్టాల మధ్య రెండు క్షణాలు నిలబడతాను, అంతే. అప్పుడు అన్నీ శ్రుతిగా వినిపిస్తాయి. కంకర మీద నా చెప్పు చప్పుడు కూడా. మిగతా రోజంతా చెవుల్లో దూది పెట్టుకున్నట్టుంటుంది."

చెబుతూ చెబుతూ గొంతు బాగా తగ్గించింది. ఆమె పెదాలు కదలడం ఆగాక కూడా నేను ముందుకి వంగే ఉన్నాను. తమ్ముడు గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె రెండుసార్లు వచ్చి మానేసింది. తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఈ వృత్తిలో చాలా కథలకి చివర మనకి దొరకదు, అలవాటు పడండి.

ఆమె దగ్గర నేను నేర్చుకున్నది ఇది. బతుకు మీద విరక్తి పుట్టినవాళ్లు వేరు, బతికున్నట్టు తెలియడానికి అంచుదాకా పోయేవాళ్లు వేరు. ఈ రెండో రకం వాళ్లు నెమ్మదస్తులుగా ఉండొచ్చు, పద్ధతిగా ఉండొచ్చు, మీ ఇంటి పక్కనే ఉండొచ్చు. వాళ్లని వేధించేది భయం లేకపోవడం కాదు, విసుగు. మామూలు రోజు వాళ్లకి చప్పటి కూర. ఇది నేర్చుకున్నాననే అనుకున్నాను. నేర్చుకున్నది పనిలో పెట్టడం వేరే విద్య అని ఆ తర్వాత తెలిసింది.

రెండు మార్కుల మనిషి

ఒక ఏడాది వానల తర్వాత నదిలో కొట్టుకుపోయినవాళ్లని వెతకడానికి పిలిచే గజ ఈతగాళ్లకి ఒక జాబితా ఉండాలని జిల్లా అధికారులు నిర్ణయించారు. అంతవరకు ఎవరైనా మునిగితే పోలీసులు ఏదో ఒక బెస్తపేటకి ఫోన్ చేసేవారు, ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లొచ్చేవారు. ఇక మీదట కార్డు ఉన్నవాడే దిగాలి. కార్డు కావాలంటే ఒంటికి ఒక సర్టిఫికెట్, మనసుకి ఒక సర్టిఫికెట్. మనసు సర్టిఫికెట్ నా బల్ల మీద పడింది.

నా దగ్గర ఒక ప్రశ్నల కాగితం ఉండేది. ఎక్కడో పైదేశాల్లో తయారైంది, ఎప్పుడో ఎవరో తెలుగు చేశారు. మనిషికి ప్రమాదం మీద ఎంత మోజు ఉందో అది కొలుస్తుంది. ఎత్తైన మంచు కొండలు ఎక్కాలని ఉందా? విమానంలోంచి గొడుగుతో దూకాలని ఉందా? సరదా కోసం సముద్రం అడుగుకి వెళ్లాలని ఉందా? నలభై ప్రశ్నలు. ఎక్కువ మార్కులు వస్తే దూకుడు మనిషి, తక్కువ వస్తే నిలకడైనవాడు.

పద్దెనిమిది మంది వచ్చారు. చదవలేనివాళ్లకి నేనే చదివి వినిపించాను. విమానం ప్రశ్నకి అందరూ ఒకళ్లనొకళ్లు పొడుచుకుని నవ్వారు. నవ్వని మనిషి ఒకడే, కూర్మారావు. నలభై ఏళ్లుంటాయి. నది సముద్రంలో కలిసే చోట ఒక చిన్న పేట అతనిది. కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అన్నిటికీ నేదమ్మా, నేదమ్మా అన్నాడు. సరదా కోసం నీళ్ల అడుక్కి వెళ్లడం ఇష్టమా అని అడిగినప్పుడు మాత్రం కాస్త ఆలోచించాడు.

"ఇష్టమేటమ్మా, అది పని కదా" అన్నాడు.

నలభైకి రెండు మార్కులు వచ్చాయి. నిలకడ, నెమ్మది, బాధ్యత అని రాశాను. జాబితాలో అందరికంటే మంచి రిపోర్టు అతనిదే.

ఇందులో ఉన్న తప్పు మీకు ఈపాటికి కనిపించే ఉంటుంది, నాకు అప్పుడు కనిపించలేదు. ఆ కాగితం డబ్బు, తీరిక ఉండి ప్రమాదాన్ని కొనుక్కునేవాళ్ల కోసం రాసింది. పుట్టినప్పటి నుంచి అలల మీద తెప్ప తోసేవాణ్ణి నీకు సాహసం ఇష్టమా అని అడిగితే ఏం చెబుతాడు? తాటిచెట్టు ఎక్కేవాణ్ణి ఎత్తులంటే మోజా అని అడిగినట్టే. మీరు ఉద్యోగంలో చేరగానే మీ చేతిలో కూడా ఇలాంటి కాగితాలు పెడతారు. ముందు ఆ ప్రశ్నలకి మీ మేనమామ, మీ ఇంటికి పాలు పోసేవాడు ఏం చెబుతారో అడిగి చూడండి.

బావమరిది నడుముకి రెండో కొస

కార్డులిచ్చాక ఒకసారి నేనే చూడ్డానికి వెళ్లాను. నాగావళిలో ఒక డిగ్రీ విద్యార్థి మునిగిపోయాడు. నది మామూలుగా అక్కడ మోకాటి లోతు. కానీ ఇసుక కోసం యంత్రాలు తవ్విన గోతులు నీటి కింద ఉన్నాయి. పైన నీళ్లు నున్నగా, అద్దంలా ఉంటాయి. ఒక అడుగు వేస్తే పిక్కల దాకా, రెండో అడుగుకి మనిషి లేడు.

మధ్యాహ్నం ఒంటిగంట ఎండ. గట్టు మీద వందమంది ఉన్నారు, ఒక్కరూ మాట్లాడటం లేదు. కూర్మారావు నడుముకి నైలాన్ తాడు కట్టుకున్నాడు. రెండో కొస ఎర్రయ్య నడుముకి ఉంది. ఎర్రయ్య అతని భార్య నూకాలుకి తమ్ముడు. కూర్మారావు నీళ్లలోకి దూకలేదు, ఇంట్లోకి వెళ్లినట్టు నడుచుకుంటూ వెళ్లి కిందికి పోయాడు. నీళ్లు మళ్లీ నున్నగా అయిపోయాయి. తాడు ఒక్కటే కొంచెం కొంచెంగా ఎర్రయ్య చేతుల్లోంచి జారుతోంది.

ఈ పని బావమరిదే ఎందుకు చెయ్యాలి, బలమైన కానిస్టేబుళ్లు ఇంతమంది ఉన్నారు కదా అని అడిగాను. ఎర్రయ్య తాడు మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు.

"మా పేటలో ఇదే పద్దతి మేడమ్. అన్నదమ్ముడు పట్టుకుంటే ఆస్తి కోసం ఒగ్గీసినాడంటారు. సావాసగాడు పట్టుకుంటే పరాకు పడతాడు. బావమరిది ఒగ్గడు. ఒగ్గితే ఇంటికెల్లి మా అప్ప మొకం ఎలా సూస్తాను?"

అతని అప్ప అంటే నూకాలే. పెళ్లయ్యాక కూర్మారావు తాడు లేకుండా, తను పట్టుకోకుండా ఒక్కసారి కూడా దిగలేదని కూడా చెప్పాడు. ఆ మాట నేను విన్నాను. రాసుకోలేదు.

నాలుగోసారి దిగినప్పుడు శవం దొరికింది. తల్లిదండ్రుల ఏడుపు మొదలైంది. మిగతా ఈతగాళ్లు పక్కకి పోయి సారా వాసన తగిలే సీసా ఒకటి చేతులు మార్చుకుంటున్నారు. అలాంటి పని చేశాక ఎవరైనా అదే చేస్తారు. కూర్మారావు ఒక్కడూ దూరంగా ఇసుకలో కూర్చున్నాడు. అతని ముఖం చూసి నేను ఆగిపోయాను. అలసట లేదు, దుఃఖం లేదు. తలంటు పోసుకుని కొత్త బట్టలు కట్టుకున్నవాడిలా కళకళలాడుతోంది. నన్ను చూడగానే ఆ కళని లోపలికి తీసేసుకున్నాడు. నాకు వీపు మీద చలి పాకింది. ఆఫీసుకి వచ్చి టీ తాగేసరికి ఎండదెబ్బ అనుకుని సరిపెట్టుకున్నాను.

కింద ఏముంటుందో

ఆరేడు నెలలకి నూకాలు నా గదికి వచ్చింది. శ్రీకాకుళం బజార్లో చేపలమ్ముతుంది. ఖాళీ తట్ట తలుపు బయట పెట్టి, లోపలికి వచ్చి నిలబడే ఉంది. కూర్చోమంటే బట్టలు వాసనొస్తాయని కూర్చోలేదు.

"ఎవులూ ములిగిపోకపోయినా దిగుతన్నాడమ్మా" అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె నెమ్మదిగా చెప్పుకొచ్చింది. పోలీసుల పిలుపు లేని రోజుల్లో కూడా మధ్యాహ్నం అయ్యేసరికి కూర్మారావు తాడు భుజాన వేసుకుని ఎర్రయ్యని పిలుస్తున్నాడట. ఆ గోతుల దగ్గరికే పోతున్నారట. మొదట్లో ప్రాక్టీసు అనుకున్నాడు ఎర్రయ్య. తర్వాత అడిగాడట, ఏటి ఎతుకుతన్నావు బావా అని. ఏటీ నేదు, సూస్తన్నానంతే అన్నాడట. ఇంట్లో అన్నం సప్పగా ఉంది అంటాడట, ఉప్పు వేస్తే ఇంకా సప్పగా ఉంది అంటాడట. పోలీసుల కబురు వచ్చిన రోజే మనిషిలా తింటాడు, నవ్వుతాడు. ఎవరో చచ్చిపోయిన రోజు తన ఇంట్లో పండగలా ఉంటోందని చెప్పింది. ఆ కార్డు వల్లే ఈ రుచి తగులుకుందని, కాగితం మీద నేను రాసింది చెరిపేస్తే పిలుపులు ఆగుతాయని, పిలుపులాగితే మనిషి ఇంటికొస్తాడని ఆమె నమ్మకం.

కూర్మారావుని పిలిపించాను. అదే కుర్చీ, అదే కూర్చోవడం. ఈసారి ప్రశ్నల కాగితం తియ్యలేదు. కింద ఏముంటుంది అని మాత్రం అడిగాను.  కళ్లు మూసుకుని చెప్పడం మొదలుపెట్టాడు.

"కింద ఏటీ ఉండదమ్మా. సప్పుడుండదు. కళ్లు తెరిసినా మూసినా ఒకలాగే ఉంటాది, అందుకే మూసీసుకుంటాను. సేతుల్తోనే సూడాలి. కాసేపటికి నా సెయ్యి ఎక్కడైపోయిందో నీరెక్కడ మొదలైందో తెలీదు. అప్పుడు, ఇంకో సెయ్యి తగలబోతన్నాదని ముందే తెలిసిపోద్ది. తగిలాక ఏటుంది, శవమే కదా. తగలక ముందు ఒక్క నిమిసం ఉంటాది సూడండి. పైన అలాటిది ఏటీ నేదు."

ఎవరూ మునగని రోజు ఎవరి చెయ్యి తగలబోతుందనుకుంటావు అని అడిగాను.

"అదే తెలీదు. తెలీకపోడమే బాగుంటాది" అన్నాడు. కళ్లు తెరిచి, నన్ను చూసి, మామూలుగా నవ్వాడు.

ఇక్కడ ఒక నిజం ఒప్పుకోవాలి. నాకు కావాల్సింది అప్పటికే దొరికింది. ప్రాణం తీసుకునే ఆలోచన అతనికి లేదు, విసుగు ఉంది, ఆ విసుగుకి ఒకే మందు తెలుసు. అక్కడ ఆపి అతని మధ్యాహ్నాల గురించి, ఇంటి గురించి, వేరే పని గురించి మాట్లాడాల్సింది. నేను ఇంకో గంటసేపు కింద సంగతులే అడిగాను. ఎంత చల్లగా ఉంటుంది, జుట్టు చేతికి ఎలా తగులుతుంది అని. అవి వైద్యానికి అక్కరలేని ప్రశ్నలు. నా ఒళ్లు గగుర్పొడుస్తుంటే బాగుంది, అందుకే అడిగాను. అతనితో ఆ నిమిషం గురించి పదేపదే చెప్పించి దాన్ని ఇంకా పదును పెట్టాను. ఇంటరెస్టింగ్ అనే మాట వింటే నాకెందుకు ఒళ్లు మండుతుందో ఇప్పుడు తెలిసిందనుకుంటాను.

అన్‌ఫిట్

అప్పట్లో మా సూపరింటెండెంటు గారు తెలివైన మనిషి, మంచివాడు కూడా. ఎవరికీ చెడు చెయ్యలేదు, మంచి చెయ్యడానికి రిస్కు తీసుకోలేదు. కూర్మారావు విషయం చెబితే రెండు మాటల్లో తేల్చేశారు. అనుమానం ఉంటే అన్‌ఫిట్ రాసెయ్యమ్మా, అన్‌ఫిట్ రాసి జైలుకెళ్లిన డాక్టరు లేడు అన్నారు. వేరే దారి ఉందేమో చూస్తానని నసిగాను. ఇల్లాలే వద్దంటోంది, కందకు లేని దురద కత్తిపీటకెందుకు అని నవ్వారు.

నిజమే కదా అనిపించింది. భార్య అడిగింది, పై అధికారి చెప్పాడు, నాకూ తేలికైంది. తన ప్రాణానికి తానే ముప్పు తెచ్చుకునే స్వభావం గలవాడు, ఈ పనికి తగడు అని రాసి సంతకం పెట్టాను. వారంలో కార్డు వెనక్కి తీసుకున్నారు. నూకాలు అరటాకులో చుట్టి రెండు చందువ చేపలు తెచ్చిచ్చింది. నేను తీసుకున్నాను, వండుకున్నాను, బాగున్నాయి కూడా.

కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది ఆ పని. పిలుపులు ఆగాక ఎర్రయ్యకి ఇక్కడ కూర్చోవలసిన అవసరం లేకపోయింది. పేటలో మగవాళ్లు చాలామంది పోయినట్టే అతనూ ఆమదాలవలసలో రైలెక్కి గుజరాత్ వైపు బోట్ల మీద పనికి వెళ్లిపోయాడు. పది నెలలదాకా రాడు. కూర్మారావు మాత్రం మధ్యాహ్నాలు మానలేదు. పోలీసులు, గట్టు మీద జనం, పూటకి నాలుగుసార్లే దిగాలనే నియమం, తాడు రెండో కొసన బావమరిది, ఇవన్నీ ఆ పనితో పాటు వచ్చినవి. నేను పనిని తీసేశాను. దాంతో అవన్నీ పోయాయి, మోజు ఒక్కటీ మిగిలింది.

నాలుగు నెలలకి నూకాలు మళ్లీ వచ్చింది. ఈసారి కూర్చుంది.

"తమ్ముడు ఎల్లిపోనాడు. తాడు నేకుండా దిగీస్తానంటన్నాడు. అందుకని నానే పట్టుకుంటన్నాను మేడమ్. రోజూ. ఆడు బరువు మనిసి, నా సేతులు సాలవు. ఆ కాగితం తిరిగి ఇచ్చీయండి. పోలీసోలు పిలిస్తే నలుగురు మగోలు ఉంటారు."

వద్దని అడిగిన మనిషే కావాలని అడుగుతోంది. ఆమె లెక్క సరైంది, నా లెక్కే తప్పు. అది నాకు అప్పుడే, ఆ బల్ల దగ్గరే అర్థమైంది. కానీ నాలుగు నెలల కిందట అన్‌ఫిట్ అని నేనే రాసి, ఇప్పుడు ఫిట్ అని నేనే రాస్తే పైవాళ్లు ఏమనుకుంటారు? ఇచ్చిన సర్టిఫికెట్ మార్చాలంటే మెడికల్ బోర్డు ముందు నిలబడి తప్పు రాశానని చెప్పాలి. ఆ సిగ్గుకి వెనకాడాను. వచ్చే బోర్డుకి పెడతానమ్మా అన్నాను. బోర్డుకి ఇంకా అయిదు వారాలుంది. ఆమె సరేనని తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్లింది.

మూడో వారంలో కూర్మారావు పోయాడు.

తర్వాత

పోలీసులు నా ఫైలు తెప్పించుకున్నారు. తన ప్రాణానికి తానే ముప్పు తెచ్చుకునే స్వభావం అన్న ముక్క ఎర్ర సిరాతో గీశారు. ఆత్మహత్య అని రాసుకుని మూసెయ్యడానికి వాళ్లకి అది చాలు. పేటలోనూ అదే మాట పాకింది. బతుకు మీద విరక్తితో పోయినవాడని, ఇంట్లో ఏదో ఉందని, పెళ్లామే ఏదో అందని.

దినాలయ్యాక నూకాలు వచ్చింది. నా ఎదురుగా కూర్చుని రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టింది. అరచేతుల్లో చర్మం లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా తాడు కోసుకుపోయి, పచ్చిగా ఉండి, అంచుల్లో నల్లబడింది.

"గుంజినాడు మేడమ్. ఒకసారి కాదు. పైకి రావాలనే గుంజినాడు. నాను లాగినాను. కాలు తన్నిపెట్టి లాగినాను. అడుగున దేనికో ఇరుక్కున్నాది. కేకలేసినాను, ఎవులూ నేరు. సచ్చిపోదామనుకున్నోడు గుంజుతాడేటి? మీరు రాయండి."

నేను ఏడ్చాను. ఉద్యోగంలో మనిషి ముందు ఏడ్చింది ఆ ఒక్కసారే. ఆమె ఏడవలేదు, నేను ఆపేదాకా ఓపిగ్గా చూసింది. తర్వాత రాశాను. నేను ముందు ఇచ్చిన అభిప్రాయం తప్పు అని, ఈ మనిషికి చావాలన్న ఉద్దేశం ఎన్నడూ లేదని, చివరి నిమిషంలో ఇతను పైకి రావడానికి ప్రయత్నించాడని, తగిన సాయం లేక చనిపోయాడని, ఆ సాయం పోవడానికి నా సర్టిఫికెట్ కారణమని. సూపరింటెండెంటు గారు చివరి ముక్క తీసెయ్యమన్నారు. తియ్యలేదు. నన్నెవరూ జైల్లో పెట్టలేదు, ఇంక్రిమెంటు ఆగింది, అంతే. ముందే చేసి ఉంటే అంతకంటే ఎక్కువేమీ జరిగేది కాదు.

రాసింది చదివి వినిపించాను. నూకాలు సాలు అంది. లేవలేదు.

"ఇంకోటి సెప్తాను, రాయకండి" అంది. "మద్దేనం అయితే నా కాళ్లు అటే ఎల్తన్నాయి. ఆ తాడు కొస ఒకటి నీటిలో ఏసి, ఇంకో కొస నడుముకి కట్టుకుని కూకుంటన్నాను. అటేపు ఎవులూ నేరని తెలుసు. అయినా గుంజుతాది. ఎప్పుడు గుంజుతాదా అని కూకుంటే పొద్దు తెలీదు మేడమ్. ఇంటికాడ ఏటీ బాగోదు."

నా సొరుగులో ఫారాలున్నాయి. పెద్దాసుపత్రికి పంపమని రాయొచ్చు, మందులు మొదలుపెట్టమని రాయొచ్చు. అవి తప్పు పనులేం కావు, తర్వాత కొన్నాళ్లకి చేశాం కూడా. కానీ ఆ పూట నా చెయ్యి సొరుగు వైపు పోలేదు. రేపు ఎన్నింటికి వెళ్తావు అని అడిగాను. పన్నెండున్నరకి అంది.

మర్నాడు సగం రోజు సెలవు పెట్టి ఆటోలో వెళ్లాను. నూకాలు అప్పటికే కూర్చుని ఉంది, తాడు నడుముకి కట్టుకుని. పక్కన కూర్చున్నాను. నదిలో ఎవరూ లేరు. పక్షి లేదు, గాలి లేదు. నీళ్లు ఎంత నున్నగా ఉన్నాయంటే చూస్తున్నకొద్దీ అవి దగ్గరికి వస్తున్నట్టు అనిపించింది. తాడు మధ్యలో నేనూ పట్టుకున్నాను. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఉన్నట్టుండి తాడు బిగిసింది. ఒక్కసారి, నిదానంగా, కింద ఎవరో సర్దుకున్నట్టు. ప్రవాహం అయ్యుంటుంది, వేరే ఏమై ఉంటుంది?  ఒడ్డున గడ్డి పరకల్లో నల్లచీమలు నడవడం కూడా నాకు కనిపించింది. ఇంకోసారి బిగుస్తుందేమోనని ఎదురుచూశాను. ఎదురుచూస్తున్నానని తెలుసుకోవడానికి నాకు చాలాసేపు పట్టింది.

"తెలిసినాదా?" అంది నూకాలు.

తెలిసింది అన్నాను. ఆమె నడుం దగ్గర ముడి విప్పాను. ఆమె అడ్డు చెప్పలేదు. ఇద్దరం లేచి నిలబడి తాడంతా బయటికి లాగాం. తడిసి చాలా బరువుగా ఉంది. ఆమె అరచేతులు చూసి, నువ్వు ఒగ్గెయ్, నేను లాగుతాను అన్నాను. ఆమె ఒగ్గలేదు. చుట్ట చుట్టి నా భుజానికి తగిలించుకున్నాను, నా చీర తడిసి ముద్దయింది. ఇది నా గదిలో ఉంటుంది, మధ్యాహ్నం కాళ్లు అటు పోతే నా దగ్గరికి రా, తాడు చెరో కొస పట్టుకుని అక్కడే కూర్చుందాం అన్నాను. ఇలాంటి వైద్యం ఏ పుస్తకంలోనూ లేదు. ఆమె ఊరి వైపు నడిచింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పక్కర్లేదు. మర్నాడు పొద్దున్నుంచీ వచ్చినవాళ్లని చూస్తూనే ఉన్నాను, గడియారాన్నీ చూస్తూనే ఉన్నాను. పన్నెండు దాటింది. పన్నెండుంపావు అయింది. చూడ్డం మానేద్దామని కుర్చీ తిప్పుకున్నాను. కాసేపటికి తలుపు బయట చేపల తట్ట నేల మీద దించిన చప్పుడైంది.